మూడు డబ్బాలు, ఎనిమిది రోజులు

నెలకొకసారి చక్కెర పరీక్ష కోసం హోసూరులో మా వీధి చివర ఉన్న చిన్న ఆసుపత్రికి వెళ్తాను. మొన్న అక్కడి నర్సు పిల్ల నా వేలికి సూది గుచ్చే ముందు పిడికెడు దూది తీసి, దాని మీద కారిపోయేంతగా స్పిరిట్ పోసింది. వేలు తడిసింది, బల్ల తడిసింది, మిగిలింది నేల మీద పడింది. "ఒక సూది పోటుకు ఇంత దూది ఏంటికమ్మా?" అన్నాను. "మా డాక్టరు దూది అవ్వా, నీకేమి నొప్పి?" అని నవ్వింది. నేను నవ్వలేదు. స్పిరిట్ ఆరుతూ వేలు చల్లబడింది, వాసన ముక్కుకెక్కింది. ఆ వాసనలో నేను పదకొండేళ్లు పనిచేశాను. ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నా అది పోలేదు. జానకి మేడమ్ గురించి నాలుగు మాటలు రాయాలని చాలా కాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఆ సాయంత్రం మనవరాలి పాత నోటుబుక్కులో మిగిలిన తెల్ల కాగితాలు విడదీసి, కుట్టుకుని, రాయడానికి కూర్చున్నాను.

మేడమ్‌ను మీరు చూసి ఉండరు. హోసూరు నుంచి కృష్ణగిరి వెళ్లే దారిలో ఉన్న ఒక కాలేజీలో ఆమె రసాయన శాస్త్రం చెప్పేది. సన్నటి మనిషి, ముదురు రంగు నూలుచీర, కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు. వచ్చిన కవర్లను జాగ్రత్తగా విప్పి, లోపలి వైపు బయటికి తిప్పి, మళ్లీ అంటించి వాడుకునేది. ఒకవైపు అచ్చయిన కాగితం ఏది దొరికినా రెండోవైపు లెక్కలు వేసుకునేది. ఆమెలో నాకు మొదట నచ్చింది అదే. చదువు గురించి నాకేం తెలుసు? నేను మా ఊరు అత్తిముగం బడిలో మూడో తరగతి వరకు తెలుగు చదివాను. తర్వాత మా నాన్న నన్ను టమాటా తోటకు పంపాడు, పెళ్లయ్యాక హోసూరులో ఫ్యాక్టరీలు కట్టేచోట ఇటుకలు మోశాను. మా ఆయన పోయి, మోకాళ్లు ఇటుకలకు ఎదురు తిరిగిన ఏడు, ఆ కాలేజీలో గాజు సామాను కడిగే మనిషి కావాలని ఎవరో చెబితే వెళ్లాను.

మొదటి రోజు మేడమ్ నా పేరు అడిగింది, ఊరు అడిగింది, ఒక గాజు కుప్పె చేతికిచ్చి కడుక్కుని రమ్మంది. నలభై ఏళ్లుగా గిన్నెలు తోమిన చేతులు నావి. మెరిసేలా కడిగి తెచ్చాను. ఆమె దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. లోపలి గోడకు నీళ్లు చిన్న చిన్న చుక్కలుగా నిలబడి ఉన్నాయి.

"ఇది కడగలేదు మునెమ్మా," అంది.

"కడిగినాను మేడమ్. యాడుంది మురికి, సూపించండి."

"మురికి కనపడదు. నీళ్లు చుక్కలుగా నిలబడితే ఆడ జిడ్డుందని అర్థం. గాజు నిజంగా శుభ్రమైతే నీళ్లు పొరలాగా పరుచుకోని జారిపోతాయి. నా మాట నమ్మొద్దు, ఇంకోసారి కడిగి నువ్వే సూడు."

నాకు కోపం వచ్చింది. నేను తోమిన గిన్నెకు అంతవరకు నా ముఖం మీద ఎవరూ వంక పెట్టలేదు. మూడుసార్లు కడిగాను. మూడోసారి నీళ్లు ఆమె చెప్పినట్టే ఒక్క పొరగా జారాయి. తీసుకెళ్లి చూపిస్తే "ఊఁ" అంది. బాగుందని అనలేదు. ఆ పదకొండేళ్లలో ఆమె నోటి నుంచి బాగుంది అనే మాట నేను వినలేదు. "ఊఁ" అంటే సరిగ్గా ఉందని లెక్క. కొన్నాళ్లకు నేను కూడా మా ఇంట్లో కోడలికి "ఊఁ" అనడం మొదలుపెట్టాను. దాన్ని కోడలు ఇప్పటికీ తిట్టుగానే తీసుకుంటుంది.

ఆ లాబులో చేసే పని ఏమిటో నాకు ఆరేళ్లు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు. బియ్యప్పిండి కంటే మెత్తటి తెల్ల పొడి ఒకటి చేసేవాళ్లు. దాన్ని రంగు నీళ్లలో వేసి వెచ్చబెట్టేవాళ్లు. పొడి రంగు పీల్చుకున్నాక, పైపైన అంటుకున్న రంగు పోయేదాకా స్పిరిట్‌తో కడిగేవాళ్లు. కడగడమంటే చేత్తో కాదు. పొడిని చిన్న గొట్టాల్లో వేసి, స్పిరిట్ పోసి, కుదిపి, గిరగిరా తిరిగే యంత్రంలో పెడితే పొడి అడుగుకు దిగేది, పైన తేరిన స్పిరిట్‌ను వంచేయాలి. మళ్లీ పోయాలి, మళ్లీ తిప్పాలి. లోపల ఇంకిన రంగు నిలవాలి, బయట అంటిన రంగు పోవాలి. అడుగున ఉన్న పొడి కదలకుండా పైది వంచడానికి చెయ్యి నిలకడగా ఉండాలి. మేడమ్ దగ్గర పరిశోధన చేసే కవిత అనే అమ్మాయికి అది కుదిరేది కాదు, పొడి కూడా పోయేది. కల్లావి దగ్గర రైతుల ఇంటి పిల్ల. ఒకరోజు విసుగు పుట్టి, "అక్కా, నువ్వు గంజి వంచినట్ల వంచు సూస్తాం," అని గొట్టం నా చేతికిచ్చింది. ఒక్క పలుకు పోకుండా వంచాను. ఆ రోజు నుంచి పొడి కడిగే పని నాది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. అత్తిముగంలో మా చిన్నప్పుడు ఎండాకాలం నీళ్లకు మహా ఇబ్బంది. అంట్లు తోమడానికి మూడు తొట్లు పెట్టుకునేవాళ్లం. మొదటి తొట్లో మట్టీ బూడిదా పోతాయి, రెండో తొట్లో జిడ్డు పోతుంది, మూడో తొట్లో మంచినీళ్లు. మొదటిది బాగా మురికైతే గుమ్మడి పాదుకు పోసి, రెండో తొట్టి నీళ్లు మొదటి దాంట్లోకి, మూడో తొట్టివి రెండో దాంట్లోకి మార్చి, మూడో దాంట్లో మాత్రం కొత్త నీళ్లు నింపేవాళ్లం. మా అమ్మ అట్లా నాలుగు బిందెలతో పెళ్లింటి అంట్లన్నీ తోమి చూపించింది. నేనూ అదే పద్ధతిలో పెరిగాను. నీళ్లు ధారాళంగా వదిలి గిన్నె కడిగేవాళ్లను చూస్తే ఇప్పటికీ వెళ్లి కొళాయి కట్టేస్తాను.

లాబులో ఆ స్పిరిట్ పారబోయడం నాకు సహించలేదు. మేడమ్ కూడా ఒకసారి, "మునెమ్మా, ఇది సులభంగా దొరికేది కాదు, ఒక్క చుక్క కూడా సుమ్మనే, ఊరికే పారబొయ్యొద్దు," అంది. జాగ్రత్తగా వాడు అని ఆమె ఉద్దేశం. నేను నాకు తెలిసినట్టు అర్థం చేసుకున్నాను. లాబులో గాజు సామాను కడిగే తొట్టి కింద మూడు డబ్బాలు పెట్టాను. మొదటి కడుగు ఒకదాంట్లో, రెండోది ఇంకోదాంట్లో, మూడోది మూడోదాంట్లో. మూడో కడుగు స్పిరిట్ చూడటానికి తేటగానే ఉండేది, ఎత్తి చూస్తే ఎక్కడో కాస్త గులాబీ ఛాయ. దాన్ని పారబోయడం పాపమని, మరుసటి పొడికి మొదటి కడుగుగా వాడేదాన్ని. ఆఖరి కడుగు మాత్రం ఎప్పుడూ కొత్త సీసా లోనిదే. డబ్బాల మీద ఏమీ రాయలేదు. ఏది ఏదో నాకు తెలుసు కదా. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. దాచిపెట్టిందీ లేదు. నెల మొదట్లో కొత్త స్పిరిట్ ఖర్చు తగ్గిందని తెలిసి మేడమ్ "ఊఁ" అంది. అది చాలు నాకు.

ఆ ఏడు కవితకు ఒక వింత దొరికింది. వాళ్ల దగ్గర రెండు రంగులు ఉండేవి. ఒకటి దీపం కింద పెడితే ఆకుపచ్చగా వెలిగేది, ఇంకొకటి ఎర్రగా వెలిగేది. రెండూ కలిపిన పొడి ఎర్రగా వెలగడం వాళ్లకు తెలిసిన సంగతే. అయితే కవిత ఉత్త ఆకుపచ్చ రంగు ఒక్కటే పట్టించిన పొడి కూడా నారింజ రంగులో వెలిగింది. ఎర్ర రంగు వేయకుండానే. రెండు రంగులు చేసే పనిని ఒక్క రంగే చేస్తోందని కవిత ఎగిరి గంతేసింది. మేడమ్ నమ్మలేదు. "ఇంకోసారి చెయ్," అంది. చేసింది, అదే వచ్చింది. మళ్లీ చేయమంది. మళ్లీ అదే. మూడుసార్లు ఆ పొడిని కడిగింది నేనే. ప్రతిసారీ ఒకే తీరుగా, నా మూడు డబ్బాలతో. "కొత్త స్పిరిట్‌తోనే కడిగినారు కదా?" అని మేడమ్ కవితను అడిగింది. కొత్త సీసా తనే తీసి బల్ల మీద పెట్టింది కాబట్టి కవిత అవునంది. ఆ ప్రశ్న అడిగినప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను.

కొన్ని రోజులకు మేడమ్ నన్ను పిలిచింది. "మునెమ్మా, ఇన్నేండ్లుగా కడుగుతా ఉండావు, ఏం కడుగుతా ఉండావో ఒక దినమైనా అడగలేదే. ఈడికి రా," అని, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన సామాన్ల గదిలోకి తీసుకెళ్లింది. పట్టపగలే, అయినా లోపల కళ్ల ముందు చెయ్యి పెట్టుకున్నా కనపడదు. ఊదా రంగు దీపం వేసింది. బల్ల మీద మూడు గొట్టాలు. ఒకటి కాలేజీ వెనక పొలంలో లేత వరిమడిలా ఆకుపచ్చగా, ఒకటి ఎర్రగా, ఒకటి పండిన బొప్పాయిలా. ఆ బొప్పాయి రంగుదే కవిత పొడి.

"ఈ పొడి పిండి కాదు. కలకండ పలుకుల మాదిరి స్ఫటికాలు, కంటికి ఆననంత సన్నవి. ఒక్కోదాంట్లో ఈ కొస నుంచి ఆ కొసకు వేల సొరంగాలు. రంగు పోయి ఆ సొరంగాల్లో ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడుతుంది."

"ఏంటికి నిలబెట్టేది?"

"నువ్వు కట్టడం పనికి పోయినావు కదా, ఇటుకలు పైకి ఎట్ల అందించేవాళ్లు?"

"సారం కట్టెల మీద వరసగా నిలబడి, చేతికి చెయ్యి అందించేది."

"మనుషులు కదిలేవాళ్లా?"

"కదిలితే కింద పడతారు. ఇటుకే పోతుంది."

"ఇదీ అంతే. వెలుతురు ఒక ఆకుపచ్చ రంగు మీద పడితే, అది పక్కదానికి అందిస్తుంది, అది ఇంకోదానికి. రంగు కదలదు, వెలుతురే పోతుంది. ఉత్త నీళ్లలో అయితే రంగులు ఒకదాని మీద ఒకటి పడి గుంపు కడతాయి. తొక్కిసలాటలో ఇటుక చేతులు మారుతుందా?"

"కింద పడి పగుల్తుంది."

"అందుకే సొరంగాలు. ఒకరినొకరు తొక్కకుండా. ఇంక మేస్త్రీ ఎవరు? ఎర్ర రంగు. వరసలో యాడున్నా సరే, ఎర్రది ఒక్కటి ఉంటే చాలు, ఇటుకలన్నీ దాని చేతికే పోతాయి. నూరుమంది మోసినా గోడ మేస్త్రీదే కదా. వెలుతురంతా పట్టుకోని అదొక్కటే ఎర్రగా వెలుగుతుంది."

"దీనివల్ల ఏం లాభం మేడమ్?"

"ఆకు చేసేది ఇదే పని. ఎండను నాలుగు పక్కల నుంచి పట్టి ఒక చోటికి చేరుస్తుంది. మనమూ నేర్చుకుంటే ఎండతో కరెంటు ఇంకా బాగా తియ్యొచ్చు."

"ఆకు సుమ్మనే చేసే పనికి మనం ఇంత తంటాలా?"

"ఆకును అడిగితే చెప్పదే తల్లీ. అందుకని మనమే ఒకటి కట్టి సూసుకోవాల." ఆమె గొంతులో నవ్వు ఉంది. తర్వాత బొప్పాయి రంగు గొట్టాన్ని వేలితో తట్టి, "ఇదే నాకు అర్థం కాలేదు. దీంట్లో మేస్త్రీ లేడు. ఒక్క ఎర్రది కూడా లేకుండా ఇది ఎట్ల వెలుగుతా ఉందో," అంది.

నాకు అర్థమైంది. అక్కడే, ఆ చీకటి గదిలోనే అర్థమైంది. ఒక్క ఎర్రది ఉంటే చాలని ఆమె చెప్పింది. మూడో డబ్బాలో ఆ గులాబీ ఛాయ నా కళ్లముందు ఆడింది. ఎర్ర పొడి కడిగిన స్పిరిట్‌తో నేను ఆకుపచ్చ పొడి కడిగాను. మేస్త్రీని అందులోకి పంపింది నేను. నోరు తెరిస్తే అయిపోయేది. దీపం ఆర్పి మేడమ్ బయటికి నడిచింది, నేను వెనకే నడిచి, వెళ్లి గొట్టాలు కడుక్కున్నాను.

ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. నన్ను నేను కూడా అడిగాను. పని పోతుందన్న భయం ఉంది, కాదనను. దానికంటే ఎక్కువ ఇంకొకటి ఉంది. కడగడంలో నాకు వంక పెట్టలేరన్న పేరు ఆ కాలేజీలో నాకొక్కదానికే ఉండేది. మూడో తరగతి చదివిన మనిషికి అది చిన్న పేరు కాదు. నా లెక్క తప్పేమో, నేను అనుకున్నది కాదేమో, చదువుకున్నవాళ్లకు తెలియనిది నాకు తెలుస్తుందా అని రోజూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ డబ్బాను తొట్టి కింద చీపుళ్ల వెనక్కి తోశాను. పారబోస్తే మాట బయటికి రాదని తెలుసు. రోజూ పొద్దున దాన్ని తీసేదాన్ని, మూత తిప్పేదాన్ని. మంచి స్పిరిట్. పారబోయడానికి చేతులు రాలేదు. మళ్లీ మూత బిగించి పెట్టేదాన్ని.

దీపం చూసిన ఆరో రోజు కవిత బెంగుళూరులో పెద్ద పెద్ద చదువులవాళ్లు కూడిన సభకు వెళ్లి తన పొడి గురించి చెప్పింది. వెళ్లే ముందు కొత్త చీర కట్టుకుని లాబుకు వచ్చి, కుచ్చిళ్లు సరిచేయమని నన్నే అడిగింది. నేను మోకాళ్ల మీద కూర్చుని సరిచేశాను. అప్పుడు కూడా చెప్పలేదు. ఎనిమిదో రోజు తిరిగి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారట, అక్కడి పెద్ద లాబువాళ్లు ఆ పొడి కొంచెం పంపమని అడిగారట. ఆమె నాన్న కల్లావి నుంచి మైసూరుపాకు పొట్లం పట్టుకుని వచ్చాడు. కవిత ఒక ముక్క తీసి నా నోట్లో పెట్టింది.

"అంతా నీ చేతి చలవ అక్కా. మూడుసార్లు కడిగితే మూడుసార్లూ ఒకే మాదిరి వచ్చింది. నేను కడిగుంటే వచ్చేదే కాదు."

వాళ్ల నాన్న చేతులు జోడించి, "బిడ్డకు తోడుగా ఉండావు, సంతోషమమ్మా," అన్నాడు.

నేను చెయ్యి తుడుచుకుని మేడమ్ గదికి వెళ్లాను. ఆమె చిన్న సీసా మీద చీటీ అంటిస్తోంది. బెంగుళూరుకు పంపే పొడి.

"మేడమ్, ఆ సీసా పంపొద్దు."

"ఏంటికి?"

"దాంట్లో ఎరుపుంది."

ఆమె చీటీ మీద నుంచి వేలు తీయలేదు. "నీకెట్ల తెలుసు?"

"నేనే పోసినాను."

మూడు తొట్ల సంగతి, మూడు డబ్బాల సంగతి నిలబడే చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, "ఆ డబ్బా ఉందా, పారబోసినావా?" అంది.

"ఉంది. మంచి స్పిరిట్, ఎట్ల పారబోసేది?"

ఆమె నవ్వింది. పెద్దగా, కొప్పులో పెన్సిలు జారేంతగా. ఆ లాబులో ఆమె అట్లా నవ్వడం నేను చూసింది అదొక్కసారే. నవ్వు ఆగాక అడిగింది. "ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మీరు దీపం కింద సూపించిన దినం నుంచి."

గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. పెదవులు కదిలాయి, ఒకటొకటిగా లెక్కపెట్టింది. కవితను పిలిచింది.

మరుసటి రోజు పొద్దున, కొత్తగా ఆకుపచ్చ రంగు పట్టించిన పొడిని రెండు గొట్టాల్లో సమంగా పోసి, రెండింటినీ నన్నే కడగమంది. ఒకటి మొదటి నుంచి కొత్త స్పిరిట్‌తో. రెండోది ఎప్పటిలాగా, నా డబ్బాతో. "నీ పద్ధతి ఏమీ మార్చొద్దు. తప్పు ఎట్ల చేసినావో అట్లే చెయ్," అంది. కవిత పక్కన నిలబడి నా చేతులనే చూస్తోంది. ఒక్క పలుకు కూడా పోకుండా వంచాను. దానికి ఇప్పటికీ కొంచెం గర్వమే. సామాన్ల గదిలో దీపం వేశారు. కొత్త స్పిరిట్‌ది ఆకుపచ్చ. నా డబ్బాది బొప్పాయి.

కవిత గోడకు ఆనుకుని ఏడ్చింది. మేడమ్ మాత్రం వంగి ఆ రెండు గొట్టాలనూ అటూ ఇటూ తిప్పుతూ, "సూడు కవితా, కంటికి కనపడనంత ఎరుపుకు ఎంత వెలుతురు పోయిందో," అంది. ఆమె గొంతులో సంతోషం ఉంది. పక్కన పిల్ల ఏడుస్తుంటే ఆ సంతోషం నాకు నచ్చలేదు. తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఆమె ఆ గొట్టాల దగ్గర నిజం చూసింది. అది తనకు అనుకూలమా కాదా అని ముందు చూసుకునే అలవాటు ఆమెకు లేదు. నాకు ఆ అలవాటే ఉంది, ఆ ఎనిమిది రోజులు దానివల్లే గడిచాయి.

మేడమ్ ఆ మధ్యాహ్నమే బెంగుళూరు సభవాళ్లకు ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో రాస్తూ నాకు తెలుగులో చదివి వినిపించింది. మేము చెప్పినది తప్పు, మా లాబులో కడిగిన స్పిరిట్‌ను తిరిగి వాడారు, అది నేను గమనించలేదు, బాధ్యత నాది అని.

"చేసింది నేను కదా మేడమ్. నా పేరు రాయండి," అన్నాను.

"చుక్క పారబొయ్యొద్దని నీకు చెప్పింది ఎవరు? డబ్బా మీద చీటీ రాయాలని చెప్పనిది ఎవరు? యాడ ఏం జరుగుతా ఉందో ఒక దినమైనా తొట్టి కిందికి వంగి సూడనిది ఎవరు? డబ్బా నాది మునెమ్మా." పెన్సిలు కింద పెట్టింది. "ఎనిమిది దినాలు మాత్రం నీవి. అవి నేను తీసుకోలేను."

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. పని నుంచి తీసేయలేదు, ఆ మాట మళ్లీ ఎత్తనూ లేదు. నేను కూడా ఎత్తలేదు.

ఉత్తరం మేడమ్ రాసినా, బెంగుళూరువాళ్లకు ఫోను చేయాల్సింది కవితే. చప్పట్లు కొట్టించుకున్న నోటితోనే చెప్పాలని మేడమ్ పట్టుపట్టింది. కవిత వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో మాట్లాడింది. నాకు అర్థమైన మాట ఒక్కటే, సారీ. అది చాలాసార్లు వినపడింది. ఫోను పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నువ్వు పోసినందుకు నాకు కోపం లేదు. నేను పోసినా అట్లే అయ్యేది. తెలిసిన దినమే చెప్పుంటే నేను అంతమంది ముందర పోయి నిలబడేదాన్ని కాదు కదా. నా కుచ్చిళ్లు సర్దినావే. అప్పుడైనా చెప్పుండొచ్చు కదా."

ఆమె మూడు నెలలు నాతో మాట్లాడలేదు. గొట్టాలు తనే కడుక్కుంది. సగం పొడి పారబోసుకుంటూ కడుక్కుంది. నేను పక్కన నిలబడి చూస్తూ ఉండేదాన్ని, చెయ్యి చాచేదాన్ని కాదు.

ఆ నెల్లోనే మేడమ్ నాకొక గీతల నోటుబుక్కు ఇచ్చింది. ఏ రోజు ఏ పొడి, ఎన్ని కడుగులు, ఏ సీసా, వంచినది ఏ డబ్బాలోకి, అన్నీ రాయాలి. "మూడో తరగతి చదువుకు రాత యాడొస్తుంది మేడమ్?" అన్నాను. "ఇంగ్లీషు ఎవరడిగినారు? తెలుగులో రాయి. ఒత్తులు తప్పినా సరే, అంకెలు తప్పకూడదు," అంది. మొదట ఒక వాక్యానికి పావుగంట పట్టేది. ఆమె రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు ఆ పేజీ చదివి, అడుగున పెన్సిలుతో సంతకం పెట్టేది. కవిత పేజీకి పెట్టినట్టే. మూడు నెలల తర్వాత ఒకరోజు కవిత ఆ నోటుబుక్కు తిరగేసి, నా ముందు గొట్టాలు పెట్టి వెళ్లింది. నేను కొత్త స్పిరిట్ తీసి, సీసా నంబరు రాసుకుని, కడగడం మొదలుపెట్టాను.

అంతా చక్కబడిందని నేను చెప్పను. ఎంత తక్కువ ఎరుపు ఎంత వెలుతురు లాక్కుంటుందో లెక్కలు తీయడమే కవిత చదువుగా మారింది. మంచి పనే అని మేడమ్ అనేది. అయితే మొదట అనుకున్నంత పెద్దది కాదు. కవితతో చేరినవాళ్లు ముందే పట్టాలు తీసుకుని వెళ్లిపోయారు. ఈమెది ఇంకా ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు కృష్ణగిరిలో ఒక కాలేజీలో చెబుతోంది. పండుగకు ఫోను చేస్తుంది. మేడమ్ పోయిన సంగతి నాకు చెప్పింది కూడా ఆమే. రెండేళ్లయింది. "ఏడవొద్దక్కా," అంది ఫోనులో. నేను ఏడవలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఏం తిన్నానో మాత్రం గుర్తులేదు.

మేడమ్ నాకు చదువు చెప్పిందని మా మనవరాలు అందరితో అంటుంది. రాయడం నేర్పింది, నిజమే. అయితే రాత ఆమె ఇచ్చినది, దాన్ని వాడుకుంటున్నాను, రేపు చేతులు వణికితే పోతుంది. ఆమె ఇవ్వనిది, నాకే వదిలేసినది ఒకటి ఉంది. అది పోదు. ఆమె మంచితనంతో ఆ ఎనిమిది రోజులు కూడా తన మీద వేసుకుని ఉంటే, నేను రెండు నెలల్లో మరచిపోయేదాన్ని. తీసుకోలేనని చెప్పింది. నాకు ఆమె చేసిన మేలు ఇదేనని ఇన్నేళ్ల తర్వాత అనుకుంటున్నాను.

పోయిన నెల కోడలు మూడు రోజులు ఎండబెట్టిన మిరపపళ్లు మేడ మీద నుంచి దించడం మరచి వానకు తడిపాను. వెంటనే ఆమె పనిచేసే కంపెనీకి ఫోను చేసి చెప్పాను. "ఇంటికొచ్చినాక చెప్పుండొచ్చు కదత్తా, షిఫ్టు మధ్యలో ఏంటికి? తడిసినవి తడిసినాయి, ఇప్పుడు చెప్తే ఆరిపోతాయా?" అంది. ఆరవు. ఇంటికి వచ్చాక చెప్పినా నష్టం లేదని ఆమెకు అనిపించడం సహజం. సాయంత్రానికి ఎంతో సేపు లేదు. కానీ ఆలస్యం ఎంత పొడవు ఉంటుందో నాకు తెలుసు. ఒక పిల్ల కొత్త చీర కట్టుకుని, కుచ్చిళ్లు సరిచేయించుకుని, బెంగుళూరు బస్సెక్కి, అంతమంది ముందు నిలబడి, చప్పట్లు విని తిరిగి వచ్చేంత.